బోర్డు మీద రాత, రిజిస్టర్‌లో గీత: టీఎంఎస్ పరిశోధనకు వెళ్లిన నా అనుభవం

బోర్డు మీద నా చేతిరాతకు మా హైస్కూల్లో ఇప్పటికీ పేరుంది. సుద్దముక్క పట్టుకుంటే అక్షరం గుండ్రంగా, వరసగా పడుతుంది. అదే చెయ్యి మార్కుల రిజిస్టర్ ముందుకు వస్తే, రెండో పేరు రాసేలోపే చూపుడు వేలు పెన్ను మీద బిగుసుకుపోతుంది. మణికట్టు లోపలికి వంగుతుంది. పెన్ను కాగితంలోకి గుచ్చుకుని అక్కడే ఆగిపోతుంది. నొప్పి పెద్దగా ఉండదు. అన్నం కలుపుకోవడానికి, గడ్డం గీసుకోవడానికి, గుండీలు పెట్టుకోవడానికి, బండి నడపడానికి ఏ ఇబ్బందీ లేదు. పెన్నుతో కాగితం మీద రాయడం ఒక్కటే రాదు. నేను హిందూపురం దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో తెలుగు టీచర్‌ని. రాయలేని తెలుగు టీచర్ బతుకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఊహించుకోలేనివాళ్లు చాలామందే తగిలారు. "బోర్డు మీద బాగానే రాస్తావు గదా సార్, స్పాట్ వాల్యుయేషన్ అనేసరికే చెయ్యి వంకరపోతుందా?" అని తోటి టీచర్ ఒకాయన నవ్వుతూనే అన్నారు. నవ్వుతూ అన్నా అనుమానం అనుమానమే. మొదట చూపించుకున్న డాక్టర్ మెడకు ఎంఆర్‌ఐ తీయించి, అందులో ఏమీ కనబడకపోయేసరికి "టెన్షన్ తగ్గించుకోండి" అని నిద్రమాత్రలు రాశారు. నిద్ర బాగానే పట్టింది. రాత మాత్రం రాలేదు.

హిందూపురం వాళ్లకు పెద్దాసుపత్రి అంటే బెంగళూరే. అక్కడ న్యూరాలజీలో కదలికల జబ్బులు చూసే డాక్టర్ దగ్గరికి చేరడానికి కొంతకాలం పట్టింది. ఆయన కొత్తగా స్కానింగులేమీ రాయలేదు. తెల్ల కాగితం, పెన్ను ఇచ్చి ఏదో ఒకటి రాయమన్నారు. నోటికొచ్చిన పద్యం ఒకటి మొదలుపెట్టాను. మొదటి పాదం సగంలోనే వేలు బిగుసుకుంది. "ఇప్పుడు ఎడమ చేత్తో రాయండి" అన్నారు. చిన్నపిల్లాడి రాత రాస్తుంటే పక్కనున్న మా ఆవిడ "ఏమండీ, ఆ చెయ్యి చూడండి" అంది. ఒళ్లో ఊరికే పెట్టుకున్న కుడిచేతి వేళ్లు వాటంతటవే ముడుచుకుంటున్నాయి. డాక్టర్‌గారు చూడాలనుకున్నది అదేనట. దీన్ని రైటర్స్ క్రాంప్ అంటారని, కండరాలు మన ఇష్టం లేకుండా బిగుసుకుపోయే డిస్టోనియా అనే జబ్బులో ఒక రకమని చెప్పారు. ఫలానా పని చేసేటప్పుడు మాత్రమే వస్తుందట. బోర్డు మీద రాసేటప్పుడు పని ఎక్కువగా భుజం, మోచేయి చూసుకుంటాయి, పట్టుకునే తీరు కూడా వేరు, కాబట్టి అక్కడ బయటపడదు. చేతిలో లోపం లేదు, చేతిని నడిపే మెదడులో ఉంది అన్నారు.

చాలాకాలం దీన్ని మనసు జబ్బుల ఖాతాలోనే రాసేవారట. 1982లో లండన్‌లో షీహీ, మార్స్‌డెన్ అనే డాక్టర్లు రోగులను వివరంగా పరిశీలించి, ఇది డిస్టోనియాయే, మానసికం కాదు అని రాశారు. 1982 అంటే నేను ఒకటో తరగతి. నేను అక్షరాలు దిద్దుతున్న రోజుల్లో తేలిన విషయం నా మొదటి డాక్టర్ దాకా ఎందుకు రాలేదో నాకు తెలియదు.

వైద్యం సంగతి త్వరగా చెప్పేస్తాను. ట్రైహెక్సీఫెనిడిల్ మాత్రలకు నోరు పిడచగట్టుకుపోయి పాఠం చెప్పలేకపోయాను, మానేశాను. తర్వాత ముంజేతి కండరాల్లోకి, వాటిని వదులుచేసే బొట్యులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్లు. వారం, పది రోజుల్లో బిగుతు తగ్గింది. దాంతోపాటు పట్టు కూడా తగ్గి, పెన్ను జారిపోయేది. మోతాదు సరిచేశాక కాస్త కుదిరింది. మూడు నెలలు తిరిగేసరికి మందు దిగిపోతుంది, మళ్లీ పొడిపించుకోవాలి.

అక్కడే పరిశోధన చేస్తున్న ఒక డాక్టరమ్మ ఒకరోజు పక్కకు పిలిచి, "సార్, మీలాంటివాళ్ల మెదడు మీద ఒక స్టడీ చేస్తున్నాం, వస్తారా?" అని అడిగారు. టీఎంఎస్ అట, ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్, అంటే పుర్రె పైనుంచే అయస్కాంతంతో మెదడును తట్టడం. తలమీద ఒక కాయిల్ ఆనిస్తారు. అందులో సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు పెద్ద కరెంటు పారుతుంది. ఆ క్షణంలో పుట్టే అయస్కాంత క్షేత్రం బలం ఎంఆర్‌ఐ యంత్రంలో ఉండేంత. పుర్రె దాన్ని ఆపలేదు. లోపల మెదడు పైపొరలో అది చిన్న కరెంటుగా మారి, అక్కడి నరకణాలను తట్టి లేపుతుంది. మా ఫిజిక్స్ మాస్టారు పదో తరగతికి చెప్పే ఫారడే సూత్రమే, బోర్డు మీద కాకుండా తలమీద.

దీనికి ముందు, 1980లో, ఇంగ్లండ్‌లో మెర్టన్, మోర్టన్ అనేవాళ్లు నెత్తిమీద నేరుగా కరెంటు పెట్టి చెయ్యి కదిలించారట. పని జరిగింది కానీ చర్మానికి బాగా నొప్పి. 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం అయస్కాంతంతో అదే పని నొప్పి లేకుండా చేసి చూపించింది. అప్పటినుంచి మెలకువగా ఉన్న మనిషి మోటార్ కార్టెక్స్‌ను, అంటే కండరాలకు ఆజ్ఞలు పంపే పొరను, పుర్రె తెరవకుండా పరీక్షించడం వీలైంది.

సమ్మతి పత్రం దగ్గర ఆమె పెట్టిన శ్రద్ధ నాకు నచ్చింది. పేస్‌మేకర్ ఉందా, తలలో లోహపు క్లిప్పులున్నాయా, చెవిలో ఇంప్లాంట్ ఉందా, ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, ఏ మందులు వాడుతున్నారు అని పెద్ద ప్రశ్నావళి. చాలా అరుదుగా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉందని దాచకుండా చెప్పారు. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానుకోవచ్చు, దానివల్ల నా వైద్యం ఆగదు. దారి ఖర్చులు వాళ్లే ఇస్తారు. ఇదంతా అయ్యాక, "ఇప్పుడు మీ మాటల్లో చెప్పండి సార్, ఇది ఏమిటి?" అని అడిగారు. చెప్పాను. "చేతికి తగ్గుతుందని అనుకుంటున్నారా?" అన్నారు. "తగ్గొచ్చేమో" అన్నాను. ఆమె కాగితం నా ముందుకు జరిపి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఇది చికిత్స కాదు, కొలత అని నా నోటితో అనేదాకా సంతకం చేయనివ్వలేదు. ఆ సంతకం కూడా ఎలా వచ్చిందో అడగకండి.

మా ఆవిడ ప్రశ్న సూటిగా ఉంది. "తగ్గనిదానికి అంత దూరం ఎందుకు పోవడం?" పైకి ఏవో పెద్దమాటలు చెప్పాను. లోపల మాత్రం ఒక స్వార్థం ఉంది. ఆ యంత్రం తెరమీద నా జబ్బు గీతగా కనబడుతుందని, దాన్ని ప్రింటు తీయించుకుని స్టాఫ్ రూమ్‌లో బల్లమీద పెడదామని.

ఇంజెక్షన్ ప్రభావం పూర్తిగా దిగిపోయాకే కొలతలు తీస్తారు. అంటే మళ్లీ పొడిపించుకోకుండా, రాత అధ్వాన్నమయ్యేదాకా ఆగాలి. పరిశోధనకు ఒప్పుకునేవాళ్లు ముందే ఆలోచించుకోవలసింది ఇదే. తలమీద అయస్కాంతం కన్నా నాకు కష్టంగా అనిపించింది ఆ ఎదురుచూపే, అదీ సమ్మేటివ్ పరీక్షల రోజుల్లో.

రాత్రి నిద్ర చెడకూడదన్నారు కాబట్టి ముందురోజే బెంగళూరులో చెల్లెలి ఇంటికి చేరాను. తలకు నూనె పెట్టుకోవద్దన్నారు. ఊహ తెలిసినప్పటినుంచి కొబ్బరినూనె లేకుండా గడప దాటినవాణ్ని కాను. పొద్దున అద్దంలో నా జుట్టు చూసుకుంటే నాకే ఎవరో అనిపించింది. గదిలోకి వెళ్లేముందు ఫోను, వాచీ, ఏటీఎం కార్డులు బయట పెట్టించారు.

వెనక్కి వాలే కుర్చీలో కూర్చోబెట్టి, చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు పెట్టారు. ముక్కు మొదలు నుంచి తల వెనక బొడిపె దాకా ఒక కొలత, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఇంకో కొలత, టేపుతో. రెండూ కలిసేచోట ఒక గుర్తు. అక్కడినుంచి ఎడమకు ఐదు సెంటీమీటర్ల దగ్గర వెతుకులాట మొదలు. కుడిచేతిని నడిపేది ఎడమ మెదడు కదా. బొటనవేలికి, చూపుడు వేలికి మధ్యనున్న కండరం మీద ఎలక్ట్రోడ్లు అంటించారు. ఇంగ్లిషు ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న కాయిల్‌ను డాక్టరమ్మ రెండు చేతులతో పట్టుకుని తలకు ఆనించారు.

టక్. అంతే. నెత్తిమీద చిన్న తట్టు, కన్ను ఒకసారి కొట్టుకుంది. చెయ్యి కదల్లేదు. కాయిల్‌ను కొంచెం జరిపారు. టక్. బొటనవేలు అదిరింది. ఇంకొంచెం జరిపారు. చూపుడు వేలు కదిలింది.

దాని గురించి కాసేపు చెప్పాలి. ఆ వేలు నా ఇష్టం లేకుండా కదలడం నాకు కొత్త కాదు, ఏళ్ల తరబడి పెన్ను పట్టుకున్నప్పుడల్లా చేస్తున్న పనే అది. కానీ ఆ బిగుతులో నేనూ పాల్గొన్నట్టు ఉంటుంది. రాద్దామని నేను మొదలుపెడితేనే కదా అది వస్తుంది! అందుకే ఎవరెన్ని చెప్పినా, నేనే ఎక్కడో తప్పు చేస్తున్నానేమో, మనసు గట్టిచేసుకుంటే పోతుందేమో అని ఒక మూల పీకేది. ఇక్కడ నేను ఏమీ మొదలుపెట్టలేదు. చెయ్యి దిండు మీద వదిలేసి ఊరికే కూర్చున్నాను. వేలు లేచి పడింది. నా ప్రమేయం లేకుండా నా వేలిని కదిలించే దారి ఒకటి నాలోనే ఉందని కళ్లారా చూశాక, ఆ పీకుడు చాలావరకు పోయింది. కాయిల్ ఒక సెంటీమీటరు జరిగితే వేరే వేలు! తలలో చెయ్యి పటం పరిచి ఉందని పుస్తకంలో చదవడం వేరు, ఇలా చూడడం వేరు.

తర్వాత అంతా లెక్క. కాయిల్ బలం తగ్గిస్తూ, పది తట్లలో కనీసం ఐదింటికి కండరంలో యాభై మైక్రోవోల్టుల అల వచ్చే కనీస బలం ఎంతో పట్టుకుంటారు. అది నా గీటురాయి, మిగతా కొలతలన్నీ దానిమీదే. యాభై మైక్రోవోల్టులంటే వోల్టులో ఇరవై వేలవ వంతు. తెరమీద చూపించారు. తట్టిన తర్వాత ఇరవై మిల్లీసెకన్లకు కాస్త అటూఇటూగా అల లేస్తోంది. ఎడమ మెదడు నుంచి వెన్నుపాములోకి దిగి, చేతివేలి దాకా ఆజ్ఞ చేరడానికి పట్టే సమయం అదట.

అసలు పరీక్ష జంట తట్లది. ముందు ఒక బలహీనమైన తట్టు, రెండు మూడు మిల్లీసెకన్ల తర్వాత బలమైనది. కూర్చున్నవాడికి రెండూ ఒకటిగానే వినబడతాయి. మామూలు మనుషుల్లో మొదటి తట్టు మెదడులోని ఆపుదల కణాలను లేపుతుంది, అందుకని రెండో తట్టుకు వచ్చే అల బాగా చిన్నదవుతుంది. ఒక కదలికకు కావలసిన కండరాన్ని పనిచేయనిచ్చి, పక్కవాటిని కూర్చోబెట్టేది ఈ ఆపుదలే. డిస్టోనియా ఉన్నవాళ్లలో ఇది తక్కువని 1995లోనే లండన్ పరిశోధకులు చూపించారట. డాక్టరమ్మ చెబుతుంటే నాకు నా తరగతే కళ్లముందు కదిలింది: ఒకణ్ని లేచి నిలబడమంటే బెంచీ మొత్తం లేస్తుంది. నా చేతిలో బలం తక్కువై కాదు, కూర్చోబెట్టేవాడు లేక ఈ గోల.

"అయితే నాలో ఆ ఆపుదల తక్కువేనా మేడమ్?" అని ఆశగా అడిగాను. ప్రింటు గుర్తుంది కదా.

"ఒక్కరి గీత చూసి చెప్పలేం సార్. మామూలువాళ్లలో కూడా ఒకరికీ ఇంకొకరికీ చాలా తేడా ఉంటుంది. చాలామందివి కలిపి చూస్తేనే ఏమైనా తెలిసేది."

నేను వదల్లేదు. కనీసం ఇది మనసు జబ్బు కాదని దీన్నిబట్టి తేలుతుంది కదా అన్నాను. ఆమె కాసేపు తటపటాయించి నిజం చెప్పారు. ఈ ఆపుదల తగ్గడం జబ్బులేని చేతికి సంబంధించిన మెదడు సగంలో కూడా కనబడింది. 2006లో వచ్చిన పరిశోధనలో అయితే, మానసిక కారణాలవల్ల డిస్టోనియా వచ్చినవాళ్లలోనూ ఇదే తేడా కనబడింది. ఆ రెంటినీ విడదీయడానికి వేరే కొలతలు వెతుకుతున్నారు. నరకణాల మధ్య బంధాలు ఎంత తేలిగ్గా మారిపోతాయో చూసే పరీక్షలో కొంత తేడా దొరికిందట. అంతేగానీ ఒక మనిషిని కూర్చోబెట్టి, ఇదిగో నీ జబ్బు అని తేల్చే యంత్రం కాదు ఇది. "మీ జబ్బును తేల్చింది ఆ రోజు మీరు రాసిన కాగితం, మీ ఎడమచేతి రాత. అదే ఇప్పటికీ గట్టి ఆధారం" అన్నారు.

స్టాఫ్ రూమ్ ప్రింటు ఆశ అక్కడితో పోయింది. నిరాశ పడ్డాను, ఎందుకు దాచాలి. కానీ మెప్పించడానికి ఒక అబద్ధం చెప్పకుండా ఉన్న మనిషి మీద నమ్మకం కూడా ఆ మాటతోనే కుదిరింది.

మధ్యాహ్నం విరామంలో బయట బెంచీ మీద ధర్మవరం నుంచి వచ్చిన దంపతులు పరిచయమయ్యారు. ఆయన మగ్గం నేసేవారు, పార్కిన్సన్స్ వచ్చి చెయ్యి వణుకుతోంది. నా తలమీద పెన్నుతో పెట్టిన గుర్తులు చూసి ఆమె భయపడింది. "అన్నా, నీకు గూడా తలకు బొక్క పెడతారా?" అని అడిగింది. వాళ్లకు డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) అనే ఆపరేషన్ గురించి చెప్పారట. అది వేరు, ఇది వేరు అని నాకు తెలిసినంత చెప్పాను. అందులో పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సన్నని తీగలు మెదడు లోతుల్లోకి దించి, ఛాతీ దగ్గర చర్మం కింద బ్యాటరీ పెడతారు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిద్ అనే డాక్టర్ వణుకుడు జబ్బుకు దీన్ని మొదలుపెట్టారు, ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా చేస్తున్నారు. అది నిలబడ్డ వైద్యం. నాది తలపైనుంచి తట్టి చూడడం మాత్రమే. 2017లో ఇదే బెంగళూరులో, గిటారు వాయించేటప్పుడు మాత్రమే వేళ్లు బిగుసుకుపోయే ఒకతనికి మెలకువగా ఉంచి, గిటారు వాయిస్తుండగానే మెదడులో ఆపరేషన్ చేశారని కూడా చెప్పాను. ఆయన మొదటిసారి నవ్వారు. "నాకైతే మగ్గం పెట్టాల్సొస్తుంది లోపల" అన్నారు.

రెండో దశ ఇంకో రోజు. ఈసారి సెకనుకు ఒక తట్టు చొప్పున ఇరవై నిమిషాలు, మోటార్ కార్టెక్స్‌కు కాస్త ముందున్న భాగం మీద. ఇలా నెమ్మదిగా తడితే ఆ భాగంలో చురుకుదనం కొంతసేపు తగ్గుతుంది. 1999లో జర్మన్ పరిశోధకులు మోటార్ కార్టెక్స్ మీద ఇలా చేస్తే రైటర్స్ క్రాంప్ ఉన్న కొందరి రాత కొన్ని గంటలు తేలికైందట. 2005లో జపాన్ వాళ్లకు ఆ ముందు భాగం మీద ఇంకా మంచి ఫలితం కనబడింది. ముందూ వెనకా ఎలక్ట్రానిక్ పలక మీద సున్నాలు, గొలుసు గీతలు, ఒక వాక్యం రాయించారు. పెన్ను ఎంత గట్టిగా నొక్కుతున్నానో కూడా అది కొలుస్తుంది.

మెలిక ఏమిటంటే, రెండుసార్లు పిలుస్తారు, అందులో ఒకసారి డమ్మీ కాయిల్. అదీ టక్ టక్ అంటుంది, లోపల మాత్రం ఏమీ జరగదు. ఏ రోజు ఏదో నాకు తెలియదు, రాయించి కొలిచే కుర్రాడికీ తెలియదు. మొదటి రోజు సాయంత్రం చెయ్యి తేలిగ్గా అనిపించింది. చెల్లెలి ఇంట్లో కిరాణా చీటీ నేనే రాసిచ్చాను, అందరూ సంబరపడ్డారు. మర్నాటికి మళ్లీ మామూలే. రెండోసారి చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు, కాస్త తలనొప్పి వచ్చి టీ తాగితే పోయింది. మొదటిదే అసలు కాయిల్ అని మా ఆవిడ తీర్మానించేసింది. నేను అంత గట్టిగా చెప్పలేను. తగ్గుతుందన్న ఆశకు కూడా చేతిని వదులు చేసే శక్తి ఉంది, డమ్మీ పెట్టేదే దాన్ని విడదీయడానికి.

మధ్యలో ఒకరు ఫలానా క్లినిక్‌లో టీఎంఎస్ ప్యాకేజీ ఉందట, చేయి బాగవుతుందట అని వాట్సాప్‌లో ఫార్వార్డ్ పంపారు. డిప్రెషన్‌కు ఈ పద్ధతిని అమెరికాలో 2008లో అనుమతించారు, మన దగ్గర కూడా వాడుతున్నారు. రైటర్స్ క్రాంప్‌కు మాత్రం ఇది ఇంకా పరిశోధన దశే. కొన్ని గంటలు నిలిచే తేలికదనాన్ని నెలలపాటు నిలబెట్టడం ఎలాగో తేలాలి. పరిశోధనలో కూర్చోబెట్టినవాళ్లు నా దగ్గర పైసా తీసుకోలేదు, పైగా బస్సు చార్జీ ఇచ్చారు. డబ్బు కట్టి వెళ్లాలనుకునేవాళ్లు ఈ ఒక్క తేడా గమనిస్తే చాలు.

ఇప్పుడు మళ్లీ ఇంజెక్షన్లలో ఉన్నాను. లావుపాటి పెన్నును వేళ్ల మధ్య పట్టుకునే కొత్త తీరు నేర్చుకున్నాను. లెసన్ ప్లాన్లు ఫోన్‌కు చెప్పి టైపు చేయిస్తున్నాను. అది నా సంధులను అప్పుడప్పుడు విరగ్గొడుతుంది, దిద్దుకోవడం నా పని.

ఈమధ్య డాక్టరమ్మ ఫోన్ చేశారు. నా ఫలితం అడిగితే, అందరి లెక్కలూ పూర్తయ్యేదాకా ఎవరు ఏ రోజు ఏ కాయిల్ కింద కూర్చున్నారో తెరవరని గుర్తుచేశారు. ఆమెకు ఇప్పుడు కావలసింది నా వయసే ఉండి, చేతిరాత సవ్యంగా ఉన్నవాళ్లు. పోల్చి చూడడానికి వాళ్లు లేకపోతే మా కొలతలకు విలువ లేదట. మా ఫిజిక్స్ మాస్టార్ని అడిగాను. ఫారడే పేరు చెప్పగానే ఒప్పుకున్నారు. వాళ్లావిడ మాత్రం ముందు నాతో మాట్లాడాలన్నారు, ఆదివారం రమ్మన్నారు.